చదువువాడు గ్రహించుగాక

పోయిన ఆదివారం మా అక్క కొడుకు చర్చికి రాలేదు. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. సాయంత్రం ఫోన్ చేస్తే అసలు సంగతి చెప్పాడు. "మామయ్యా, సువార్తలు శిష్యులు రాసినవి కాదంట కదా. మూడొందల ఏళ్ల తర్వాత కాన్‌స్టంటైన్ అనే రోమా చక్రవర్తి రాయించాడంట, ఎవరో వీడియో పంపారు. పాస్టర్‌గారిని అడిగితే సందేహం సాతాను పని, ప్రార్థన చేసుకో అన్నారు."

వాడికి ఆ వీడియో పంపినవాళ్ల మీద కంటే, ఆ జవాబు మీద నాకు ఎక్కువ బాధ కలిగింది.

కాన్‌స్టంటైన్ కథ అబద్ధం. 325లో ఆయన నీకయలో (ఇప్పటి టర్కీలోని ఊరు) బిషప్పుల సభ జరిపించిన మాట నిజమే. కానీ అది ముఖ్యంగా యేసు తండ్రితో సమానుడు కాదన్న అరియస్ బోధ మీద వచ్చిన గొడవ తేల్చడానికి. ఆ సభ చేసిన 20 నిబంధనల్లో ఏ పుస్తకాలు ఉంచాలి, ఏవి తీసేయాలి అన్న మాటే లేదు. అంతకు దాదాపు నూట నలభై ఐదేళ్ల ముందే, 180 ప్రాంతంలో, ఇప్పటి ఫ్రాన్స్‌లోని లియోన్ బిషప్ ఐరేనియస్ నాలుగు సువార్తలనూ పేర్లతో సహా చెప్పాడు. మాంచెస్టర్‌లోని జాన్ రైలాండ్స్ లైబ్రరీలో ఈజిప్టు నుంచి వచ్చిన ఒక పపైరస్ (నీటి మొక్కతో చేసిన పాతకాలపు కాగితం) ముక్క ఉంది. అరచేతిలో పట్టేంత, తొమ్మిది సెంటీమీటర్ల పొడవు కూడా ఉండదు. రెండు పక్కలా రాత ఉంది, అంటే చుట్ట కాదు, పేజీలున్న పుస్తకంలోది. అందులో ఉన్నది యోహాను 18వ అధ్యాయం, పిలాతు ముందు యేసు నిలబడ్డ ఘట్టం. ఎక్కువమంది పండితులు దాన్ని రెండో శతాబ్దం నాటిదంటారు. కొందరు మూడో శతాబ్దం దాకా జరుపుతారు. ఎలా చూసినా కాన్‌స్టంటైన్ సభకు ముందుదే.

అక్కడితో ఆపేసి "చూశావా, మనమే కరెక్ట్" అనొచ్చు. కానీ వాడి ప్రశ్నలో మొదటి సగం, సువార్తలు శిష్యులు రాసినవేనా అన్నది, ఉత్తి అబద్ధం కాదు. అది వాడికి నేను చెప్పాలి.

మత్తయి సువార్త మొదటి నుంచి చివరి దాకా చదవండి. "నేను మత్తయిని, ఇది నేను చూశాను" అన్న మాట ఎక్కడా కనపడదు. మార్కులోనూ అంతే. లూకా రాసినాయన "నేను" అంటాడు గానీ పేరు చెప్పడు. పైగా తనకంటే ముందే "అనేకులు పూనుకొన్నారు" అని, కన్నులార చూసినవాళ్లు అప్పగించినదాన్ని తాను వరుసగా రాస్తున్నానని నిజాయితీగా చెప్పాడు. యోహాను చివర్లో "ఇతని సాక్ష్యము సత్యమని యెరుగుదుము" అని ఉంది. ఆ "యెరుగుదుము" అంటున్నది ఎవరు? పక్కన ఇంకెవరో ఉన్నారు కదా! "మత్తయి ప్రకారం", "మార్కు ప్రకారం" అన్న శీర్షికలు మనకు దొరికిన ప్రతుల్లో 200 ప్రాంతం నుంచే కనపడతాయి.

సోమవారం రాత్రి వాణ్ణి ఇంటికి పిలిచి, డైనింగ్ టేబుల్ మీద రెండు తెలుగు బైబిళ్లు పక్కపక్కన తెరిచి పెట్టాను. ఒకటి మత్తయి 24:15 దగ్గర, ఒకటి మార్కు 13:14 దగ్గర. యేసు ఒలీవల కొండ మీద కూర్చుని శిష్యులతో మాట్లాడుతున్నాడు. మధ్యలో, ఉన్నట్టుండి, "చదువువాడు గ్రహించుగాక" అని ఉంటుంది. వింటున్నవాళ్లతో మాట్లాడుతూ చదివేవాడి ప్రస్తావన ఎందుకొచ్చింది? అది రాసినాయన తన పాఠకుడి కోసం పెట్టిన మాట అంటారు చాలామంది పండితులు. అదే మాట, అదే చోట, రెండు పుస్తకాల్లోనూ ఉంది. వాడు రెండుసార్లు చదివి, "ఒకరు ఇంకొకరిది ముందు పెట్టుకుని రాశారు మామయ్యా" అన్నాడు. నేనేమీ చెప్పక్కర్లేకపోయింది.

మార్కులో దాదాపు 660 వచనాలుంటే, వాటిలో ఆరొందల దాకా విషయం మత్తయిలో మళ్లీ వస్తుంది. అందుకే మార్కు ముందు, 70 ప్రాంతంలో రాశారని, మత్తయి, లూకా ఆ తర్వాత పది పదిహేనేళ్లకి, యోహాను చివర్లో అని ఎక్కువమంది చెబుతారు. సుంకపు మెట్టు దగ్గర కూర్చుని ఉండగా యేసు పిలిచిన మనిషి పేరు మార్కులో లేవి, మత్తయిలో మత్తయి. తనను యేసు పిలిచిన రోజు గురించి రాయడానికి, ఆ రోజు అక్కడ లేని మార్కు పుస్తకం మత్తయికి ఎందుకు కావాల్సి వచ్చింది? ఇది గట్టి ప్రశ్న. దీన్ని దాటేసి వెళ్లడం నాకు చేతకాదు.

అలాగని పాత సాక్ష్యం అంతా కొట్టిపారేయను. హియెరాపొలి బిషప్ పపియాస్, రెండో శతాబ్దం మొదట్లో, మార్కు పేతురుకి దుబాసీ అని, పేతురు చెప్పినవి గుర్తున్నంతవరకు రాశాడని, వరుసక్రమంలో కాదని అన్నాడు. ఊరికే పేర్లు అంటించాలనుకుంటే పన్నెండుమంది శిష్యుల్లో లేని మార్కుని, లూకాని ఎవరు ఎంచుకుంటారు? పేతురు పేరే పెట్టేవాళ్లు. ఈ పేర్ల వెనక ఏదో నిజమైన జ్ఞాపకం ఉందని నా నమ్మకం. మత్తయి విషయంలో మాత్రం ఆ నమ్మకం బలహీనం. పపియాస్ అతను హెబ్రీ భాషలో రాశాడంటాడు, మన దగ్గరున్నదేమో మార్కు గ్రీకు మాటల్నే వాడుకున్న గ్రీకు పుస్తకం.

ఇదంతా సంఘంలో చెబితే విశ్వాసం పోతుందని మనవాళ్ల టెన్షన్. మూడో శతాబ్దంలో క్రైస్తవ పండితుడు ఒరిజెన్, బైబిల్లోని హెబ్రీయులకు రాసిన పత్రిక గురించి, రాసిందెవరో దేవునికే తెలుసు అన్నాడు. అన్నాక ఆ పత్రికను పక్కన పడేయలేదు, దాని మీద ప్రసంగాలు చేశాడు. ఆయన అనగలిగిన మాట ఈ రోజు మన పుల్పిట్ మీద ఎందుకు అనకూడదు? పాస్టర్‌గార్లను చేతులు జోడించి అడుగుతున్నాను. యూత్ మీటింగ్‌లో ఒక్క గంట దీనికి ఇవ్వండి. మీరు చెప్పకపోతే పిల్లలు ఫోన్లో, అబద్ధాలు కలిపి నేర్చుకుంటారు.

నిన్న రాత్రి పదకొండు దాటాక మావాడి మెసేజ్: "మామయ్యా, లూకాలో ఆ చదువువాడు మాట లేదేంటి?" లేచి లైట్ వేసి లూకా 21:20 తీశాను. అక్కడ "యెరూషలేము దండ్లచేత చుట్టబడుట" అని ఉంది. మార్కు అదే చోట "నాశకరమైన హేయవస్తువు" అని గుట్టుగా చెప్పినదాన్ని లూకా విప్పి చెప్పాడు. రోమా సైన్యం ఆ ఊరిని చుట్టుముట్టి ఆలయాన్ని కూల్చేసింది 70లో. ఆ సంవత్సరం ఒక్కటే టైప్ చేసి పంపాను. వెంటనే ఫోన్ మోగింది.