సవరణ: ఈ ఏడాది ఆదివారాల సువిశేష పఠనాల గురించి

తపస్సుకాల (ఈస్టరుకు ముందు నలభై రోజుల) ధ్యానాల మొదటి భాగంలో ‘2026లో ఆదివారాల్లో మత్తయి సువిశేషాన్ని ధ్యానిస్తాం’ అన్న వాక్యం చదివి, కడప మేత్రాసనానికి (బిషప్పు పరిధిలోని ప్రాంతానికి) చెందిన కొందరు చదువరులు మార్చి నెలలో వరుసగా యోహాను సువిశేషం ఎందుకు వినిపిస్తుందని అడిగారు. ఆ వాక్యాన్ని ఇలా సవరించి చదువుకోవాలని మనవి.

మత్తయి ప్రధానంగా వినిపించే ఈ ‘ఎ’ సంవత్సరం (తిరుసభ మూడేళ్ల పఠన చక్రంలో మొదటిది) జనవరిలో కాక, 2025 నవంబరు 30న, క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమనకాలపు మొదటి ఆదివారంతోనే ఆరంభమైంది; 2026 నవంబరు 28 వరకు సాగుతుంది. తపస్సుకాలపు మొదటి రెండు ఆదివారాల్లో ప్రభువు శోధనను, దివ్యరూపధారణను మత్తయి నుండే వింటాం. మార్చి 8, 15, 22 తేదీల్లో మాత్రం సమరయ స్త్రీ, పుట్టుగుడ్డి, లాజరు వృత్తాంతాలు యోహాను నుండి వస్తాయి, ఎందుకంటే ఈస్టరు ముందు రాత్రి జరిగే పాస్కా జాగరణలో జ్ఞానస్నానం పొందబోయేవారిని జలం, వెలుగు, జీవం అనే మూడు మెట్ల మీదుగా సిద్ధపరచడం తిరుసభ ప్రాచీన సంప్రదాయం. ఈ మూడింటినీ ఒక్క ధ్యానంగా, వీలైతే ఒకే వారంలో మళ్లీ చదవాలని నా గట్టి అభిప్రాయం. మిట్టమధ్యాహ్నపు ఎండలో యాకోబు బావి దగ్గర నీరడిగిన ప్రభువు దాహాన్ని, మార్చికే బావులు అడుగంటే మన సీమవాసులకు వేరే వివరించనక్కరలేదు.

మార్చి 29న మ్రానికొమ్మల ఆదివారం శ్రమల వృత్తాంతం తిరిగి మత్తయిదే. పవిత్ర శుక్రవారం ఏ సంవత్సరమైనా యోహానుదే. పాస్కాకాలపు ఆదివారాల్లోనూ ఎక్కువగా ఆయన సువిశేషాన్నే వింటాం.