జర్మనీలో నాలుగేళ్లకే లాయరట, చెప్పినవాళ్లెవరో గానీ!

మొన్న మా బంధువుల గ్రూపులో మావయ్య ఒక ఫార్వర్డ్ పెట్టారు. వారం తిరక్కుండా అదే మెసేజ్ ఇంకో మూడు గ్రూపుల్లో కనబడింది. అందులో ఉన్నది ఇది: జర్మనీలో లా చదువు ఉచితం, ఎంట్రన్స్ లేదు, కోచింగ్ గోల లేదు. నాలుగేళ్లు చదివితే లాయర్. అక్కడ చట్టాలన్నీ కోడ్ రూపంలో ఉంటాయి కాబట్టి పుస్తకం దగ్గర పెట్టుకుని పరీక్ష రాసేయొచ్చు. మన ఎల్‌ఎల్‌బీ ఉన్నవాళ్లయితే ఏడాది ఎల్‌ఎల్‌ఎం చేసి నేరుగా అక్కడి కోర్టులో వాదించొచ్చు. కింద వరసగా దండాలు, చప్పట్లు. లాసెట్‌కి చదువుకుంటున్న మావయ్య కూతురు ఆ పుస్తకాలు పక్కన పడేసి జర్మన్ క్లాసుల ఫీజు కనుక్కుంటోందట.

నేను గుంటూరులో ఒక సీనియర్ దగ్గర రెండేళ్లు ఫైళ్లు మోసి, తర్వాత జర్మనీకొచ్చి ఆ మెసేజ్‌లో చెప్పిన ఎల్‌ఎల్‌ఎమ్మే చేసి, ఇప్పుడు ఒక కంపెనీలో కాంట్రాక్టులు చూసుకుంటున్నాను. నల్లకోటు బీరువాలోనే ఉంది. అందుకని ఒక్కో మాటా తీసుకుని చెప్తాను.

"నాలుగేళ్లు చదివితే లాయర్."

అసలు జర్మనీలో లాయర్ కోసం అంటూ వేరే దారి లేదు. న్యాయవాదుల చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం లాయర్‌గా నమోదు కావాలంటే ముందు జడ్జి కావడానికి ఉండాల్సిన అర్హత ఉండాలి. జడ్జి, ప్రాసిక్యూటర్, ప్రభుత్వంలో లా ఆఫీసర్, ప్రైవేటు లాయర్, అందరికీ ఒకటే దారి, అవే రెండు పెద్ద పరీక్షలు. మనకి తిరగేసి ఉంటుంది. మన దగ్గర ముందు లాయరై, కొన్నాళ్లు ప్రాక్టీసు చేసి, తర్వాత జడ్జి పరీక్ష రాయాలి. 2025 మేలో సుప్రీంకోర్టు జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకి మూడేళ్ల ప్రాక్టీసు మళ్లీ తప్పనిసరి చేసింది కూడా. ఇక్కడేమో జడ్జిని తయారుచేస్తారు, ఆ తర్వాత అతనికి ఇష్టమైతే లాయర్ అవుతాడు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మెసేజ్‌లో మిగతావన్నీ ఎందుకు తప్పో తెలిసిపోతుంది.

లెక్క చూద్దాం. యూనివర్సిటీ చదువుకి కాగితం మీద ఉన్న గడువే పది సెమిస్టర్లు, అంటే ఐదేళ్లు. పరీక్ష దాటేసరికి చాలామందికి అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఇదంతా మొదటి రాష్ట్ర పరీక్ష కోసం. అందులో 70 శాతం బరువు ప్రభుత్వం పెట్టే భాగానిది, 30 శాతం యూనివర్సిటీ పెట్టే ఐచ్ఛిక విషయానిది. పాసైతే లాయర్ కాదు, రెఫరెండార్ అవుతారు. అంటే రెండేళ్ల ప్రభుత్వ శిక్షణ. సివిల్ కోర్టులో కొన్ని నెలలు జడ్జి పక్కన కూర్చుని తీర్పులు రాయాలి, క్రిమినల్ వైపు సాధారణంగా ప్రాసిక్యూటర్ ఆఫీసులో పనిచేయాలి, ఒక ప్రభుత్వ కార్యాలయంలో, ఆపైన కనీసం తొమ్మిది నెలలు లాయర్ దగ్గర, చివర్లో మనకి నచ్చిన చోట. నెలకి కొంత భృతి ఇస్తారు. దాంతో మ్యూనిక్‌లో గది అద్దె కట్టాక ఏం మిగులుతుందో అడక్కండి. ఇదంతా అయ్యాక రెండో రాష్ట్ర పరీక్ష. అది దాటాకే మన బార్ కౌన్సిల్ లాంటి లాయర్ల ఛాంబర్‌లో నమోదు. మొత్తం ఎనిమిదేళ్లనుకుంటే ఎక్కువ చెప్పినట్టు కాదు.

"ఎంట్రన్స్ లేదు, కోచింగ్ గోల లేదు."

క్లాట్ లాంటి ఎంట్రన్స్ లేని మాట నిజమే. కానీ ఇంటర్ మార్కుల మెమోతో నేరుగా తీసుకోరు. మామూలుగా ఏడాది పాటు సన్నాహక కళాశాల, దాని చివర పరీక్ష, లేదంటే ముందు మన దగ్గరే డిగ్రీలో కొంత చదివి ఉండాలి. 2022 నవంబరు నుంచి మనవాళ్లకి ఏపీఎస్ సర్టిఫికెట్, అంటే మన చదువు కాగితాలు సరైనవేనని తేల్చి ఇచ్చేది, కూడా కావాలి. పాఠాలు జర్మన్‌లోనే కాబట్టి భాష సీ1 అనే పై స్థాయిలో రావాలి, అదీ కూరగాయలు కొనుక్కునే జర్మన్ కాదు, ఇక్కడి పెద్ద కోర్టు తీర్పులో పది లైన్ల వాక్యం చదివి క్రియాపదం ఎక్కడుందో వెతుక్కోగలిగే జర్మన్.

ఇక కోచింగ్ లేదంటే నాకు నవ్వొచ్చింది. ఇక్కడ దాని పేరు రెపెటిటోరియుమ్. యూనివర్సిటీలో పాఠాలు విని, పరీక్షకి ముందు ఏడాది, ఏడాదిన్నర పాటు ప్రైవేటు సంస్థలకి నెలనెలా డబ్బు కట్టి మళ్లీ మొదటినుంచి చదువుతారు. మ్యూన్‌స్టర్‌లో పుట్టిన ఆల్ప్‌మన్ ష్మిట్, వ్యూర్జ్‌బుర్గ్‌లో పుట్టిన హెమ్మర్, ఈ రెండు పేర్లు తెలియని లా విద్యార్థి ఉండడు. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్ పిల్లల్ని చూసినవాళ్లకి ఇక్కడ లైబ్రరీల్లో కొత్తగా కనబడేదేమీ ఉండదు.

"పుస్తకం పెట్టుకుని రాసేయొచ్చు."

పుస్తకం ఇస్తారు, నిజం. పెద్ద ఎర్ర పుస్తకం, ఇటుకకన్నా బరువు. దశాబ్దాల పాటు దాన్ని మొదట కూర్చినాయన పేరుతో షోన్‌ఫెల్డర్ అనేవాళ్లు, ఆయన నాజీ పార్టీ సభ్యుడని విమర్శలొచ్చాక 2021లో హాబర్‌సాక్ అని పేరు మార్చారు. కానీ అందులో ఉండేది చట్టం మాత్రమే. మన లాయర్లు రాసే బార్ పరీక్ష ఏఐబీఈకి బేర్ యాక్టులు, అంటే వ్యాఖ్యానం లేని చట్టం పుస్తకాలు, తీసుకెళ్లనిస్తారు కదా, ఆ లెక్కన ఊహించుకుంటున్నట్టున్నారు. ఏఐబీఈలో వంద ఆబ్జెక్టివ్ ప్రశ్నలు. ఇక్కడ ఒక పేపరంటే ఐదు గంటలు, ఒక కథ ఇస్తారు, ఎవరికి ఎవరి మీద ఏ హక్కుందో రాయాలి. చాలా రాష్ట్రాల్లో మొదటి పరీక్షలో అలాంటివి ఆరేడు పేపర్లు, పైన మౌఖికం.

రాసే తీరు కూడా వేరు. సమాధానం ముందు చెప్పకూడదు. "రాముకి సోము నుంచి సైకిలు ధర అడిగే హక్కు సివిల్ కోడ్ 433 కింద ఉండవచ్చు" అని అనుమానంగా మొదలుపెట్టి, దానికి ఏం కావాలో చెప్పి, ఒప్పందం అంటే ఏమిటో నిర్వచించి, కథలో అది ఉందో లేదో తూచి, అప్పుడు తేల్చాలి. కోడ్ మొత్తం ఎదురుగా ఉన్నా ఏ మెట్టు తర్వాత ఏ మెట్టో అందులో ఉండదు. నాకు తల తిరిగింది రొట్టె ఉదాహరణ దగ్గర. బేకరీలో ఒక రొట్టె కొంటే మనకి అది ఒక కొనుగోలు. వీళ్లకి మూడు ఒప్పందాలు: అమ్ముతాను కొంటాను అన్నది ఒకటి, రొట్టె యాజమాన్యం నాకు మారడం ఇంకొకటి, నా డబ్బు యాజమాన్యం వాళ్లకి మారడం మూడోది. మొదటిది చెల్లకపోయినా మిగతా రెండూ చెల్లొచ్చు. ఆ వారమంతా టీకి వెళ్లినా ఒప్పందాలే లెక్కపెట్టాను.

కోడ్ ఉంది కాబట్టి తీర్పులు చదవక్కర్లేదన్నది ఇంకో అపోహ. ఒప్పందం కుదరకముందే, బేరం దశలోనే ఒకరి నిర్లక్ష్యం వల్ల ఇంకొకరు నష్టపోతే పరిహారం ఇవ్వాలన్న సూత్రాన్ని కోర్టులు దశాబ్దాల పాటు నడిపాయి. 1900లో అమల్లోకి వచ్చిన కోడ్‌లో అది 2002లో గానీ స్పష్టంగా చేరలేదు.

మార్కులు 18కి. నాలుగొస్తే పాస్. తొమ్మిది వస్తే ఇంట్లో పండగ, ఎందుకంటే జడ్జి పోస్టులకీ పెద్ద లా ఫర్ములకీ చాలాకాలంగా అదే గీత. మొదటి పరీక్ష ప్రభుత్వ భాగంలో దాదాపు నలుగురిలో ఒకరు తప్పుతారు. మామూలుగా రెండే ఛాన్సులు. ఎనిమిదో సెమిస్టర్‌లోపు రాస్తే చాలాచోట్ల ఆ ప్రయత్నం లెక్కలోకి రాకుండా వదిలేస్తారు. రెండోసారీ పోతే ఇక దేశంలో ఎక్కడా ఆ పరీక్ష రాయనివ్వరు, ఐదారేళ్లు చదివినా చేతిలో డిగ్రీ కూడా ఉండకపోవచ్చు. అందుకే ఈమధ్య మధ్యలో ఎల్‌ఎల్‌బీ ఇచ్చే యూనివర్సిటీలు పెరుగుతున్నాయి.

"చదువు ఉచితం."

చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ యూనివర్సిటీలో ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్ వ్యుర్టెంబెర్గ్‌లో మాత్రం యూరోపియన్ యూనియన్ బయటివాళ్లకి సెమిస్టర్‌కి 1,500 యూరోలు. వీసాకి ఏడాది ఖర్చు నెలకి ఇంత అని మాత్రమే తీయనిచ్చే బ్లాక్డ్ అకౌంట్‌లో చూపాలి, 2024 సెప్టెంబరు నుంచి 11,904 యూరోలు. దాన్ని ఎనిమిదితో హెచ్చవేయండి మావయ్యా, ఉచితమో కాదో మీరే చెప్పండి.

"మన ఎల్‌ఎల్‌బీ, ఏడాది ఎల్‌ఎల్‌ఎం, నేరుగా కోర్టు."

ఈ మాట నమ్మినవాళ్లలో నేనొకణ్ణి, కాబట్టి కోపం ఎక్కువ. ఎల్‌ఎల్‌ఎం మంచి డిగ్రీయే, కానీ అది ఆ రెండు పరీక్షలకి బదులు కాదు. నేను సంప్రదించిన ఒక ఏజెంటు "ఎల్‌ఎల్‌ఎం తర్వాత బార్ ఎగ్జామ్ ఉంటుంది, అది ఈజీ" అన్నాడు. జర్మనీలో విడిగా బార్ ఎగ్జామే లేదు! అమెరికాలో న్యూయార్క్ లాంటి చోట ఎల్‌ఎల్‌ఎం చేసి బార్ పరీక్ష రాసేవాళ్లున్నారు కదా, దాన్ని తెచ్చి ఇక్కడ అతికించాడు. యూరోపియన్ యూనియన్ దేశాల లాయర్లకి ఒక అడ్డదారి ఉంది: అర్హత పరీక్ష రాయడమో, తమ దేశపు హోదాతోనే మూడేళ్లు ఇక్కడ జర్మన్ చట్టంలో పనిచేయడమో. మనకి అది వర్తించదు. జర్మన్ కోర్టులో జర్మన్ చట్టం వాదించాలంటే మనం మొదటి సెమిస్టర్ నుంచి మొదలుపెట్టాల్సిందే. నాకు అప్పటికి ముప్ఫై ఒకటి. మొదలుపెట్టలేదు.

పౌరసత్వం లేకపోతే లాయర్ కానివ్వరని మెసేజ్ కింద ఎవరో రాశారు, అదీ తప్పే. జడ్జికి జర్మన్ పౌరసత్వం ఉండాలి, లాయర్‌కి అక్కర్లేదు.

మరి మనకి ఏమీ లేదా అంటే, ఉంది. మొదట చెప్పిన న్యాయవాదుల చట్టం 206వ సెక్షన్ కింద, అనుమతించిన దేశాల లాయర్లు ఇక్కడి ఛాంబర్‌లో పేరు నమోదు చేసుకుని తమ సొంత దేశపు చట్టం మీద సలహా ఇవ్వొచ్చు. పని కూడా ఉంటుంది. ఫ్రాంక్‌ఫర్ట్, మ్యూనిక్ తెలుగువాళ్లు నన్నడిగే ప్రశ్నలు ఎప్పుడూ ఒకటే: ఊళ్లో పొలం అన్నదమ్ములు పంచుకోవాలి, మన తరఫున పని చూసే అధికారం ఇంకొకరికిచ్చే జీపీఏ ఇక్కడినుంచి ఎలా పంపాలి, అక్కడ అయిన పెళ్లికి ఇక్కడ విడాకులు తీసుకుంటే చెల్లుతాయా. వీటికి సలహా ఇవ్వాలంటే మాత్రం ముందు ఇండియాలో ఎన్‌రోల్ అయిన అడ్వకేటై ఉండాలి. అందుకని మావయ్యా, చెల్లిని జర్మన్ కావాలంటే నేర్చుకోనివ్వండి, లాసెట్ అప్లికేషన్ మాత్రం ఆపొద్దు.