కయ్యం తర్వాత వియ్యం: ఇంతకీ ఆ పెళ్లికూతురి పేరేంటి?

వియ్యానికైనా కయ్యానికైనా సమఉజ్జీ ఉండాలంటారు. విజయనగర రాజు కృష్ణదేవరాయలికీ ఒడిశా రాజు ప్రతాపరుద్ర గజపతికీ మధ్య ఈ రెండూ జరిగాయి, ముందు కయ్యం, తర్వాత వియ్యం. 1513లో ఉదయగిరి ముట్టడి మొదలుపెట్టి, కొండవీడు, కొండపల్లి పట్టుకుని, సింహాచలం దాకా వెళ్లిన రాయలు చివరికి గజపతి కూతుర్ని చేసుకుని, కృష్ణకు ఉత్తరాన గెలిచిన నేలను మామగారికి తిరిగిచ్చేశాడు.

దీన్ని ప్రేమకథగా చెప్పుకోవడం మనకు భలే ఇష్టం. పుట్టింటి పగ ఒకవైపు, మొగుడి మీద మనసు ఇంకోవైపు, మధ్యలో నలిగిపోయే రాజకుమారి. నలగడానికైనా ముందు ఎంచుకునే వీలుండాలి కదా, ఆమెను ఎవరడిగారు?

1515లో కొండవీడు పడిపోయినప్పుడు ఆమె అన్నో తమ్ముడో అయిన వీరభద్రుడు బందీగా దొరికాడు. తర్వాతి కథ పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ రాశాడు. కత్తిసాములో గొప్పవాడట కదా, చూపించమని రాయలు అతని ముందు ఒక మనిషిని నిలబెట్టాడు. ఆ మనిషి రాజవంశీకుడు కాదు. అలాంటివాడితో కత్తి కలపడం కంటే చావే నయమనుకుని వీరభద్రుడు ప్రాణం తీసుకున్నాడు. గజపతి భార్య కూడా అప్పటికి రాయల చెరలోనే ఉంది. ఆమెను విడిపించుకునే దారేమిటని గజపతి అడిగితే, నీ కూతుర్నిచ్చి పెళ్లి చెయ్యమన్నది మంత్రి తిమ్మరుసు.

కయ్యంలో ఎదుటివాడు సమఉజ్జీ కాడని కొడుకు చచ్చిపోయాడు, వియ్యంలో ఆ లెక్కలేవీ చూసుకునే స్థితి తండ్రికి లేదు.

రాయలి లెక్కలూ తేలికైనవేం కాదు. అంత దూరాన ఉన్న నేలను నిలబెట్టుకోవాలంటే అక్కడ సైన్యం పెట్టాలి, పడమట బీజాపూర్‌తో రాయచూరు తగాదా ఎలాగూ ఉంది (1520లో ఆ యుద్ధం జరగనే జరిగింది). పోనీ గజపతి వైపు నుంచి చూడండి, ఓడినవాడికి శత్రువు దయతలచి ఇచ్చాడనడం కంటే అల్లుడు ఇచ్చాడనడం ఎంత పరువు! ఇద్దరి మొహమూ నిలబెట్టిన పెళ్లి అది, రాజకీయంగా చూస్తే మంచి బేరమే. ఇలాంటివి బెడిసికొట్టడమూ ఉంది: చరిత్రకారుడు ఫెరిష్తా చెప్పిన ప్రకారం, అంతకు వందేళ్ల ముందు విజయనగరాన్ని ఏలిన మొదటి దేవరాయలి కూతుర్ని చేసుకున్న బహమనీ సుల్తాను ఫిరోజ్ షా, మామ తనను పూర్తిగా సాగనంపకుండా మధ్యలోనే వెనక్కి తిరిగాడని అలిగి వెళ్లాడు. తర్వాత మళ్లీ యుద్ధమే.

ఇంతకీ గజపతి కూతురు? ఒకచోట తుక్క, ఒకచోట జగన్మోహిని, ఇంకోచోట అన్నపూర్ణ. మొగుడి నిరాదరణ మీద తుక్క రాసిందని చెప్పే 5 సంస్కృత శ్లోకాలున్నాయి, కంభంలో ఒంటరిగా బతికిందనీ అంటారు. కంభం చెరువు కట్టించిన గజపతి కూతుర్ని మాత్రం జనం వరదరాజమ్మ అంటారు. సరిహద్దుగా పెట్టుకున్న నదికి మాత్రం ఎవరు రాసినా పేరు ఒకటే, కృష్ణ.