పిన్నీసు గుచ్చిన చెప్పు

మామూలు వస్తువుల ఫొటోల వెనక ఉన్న కథల మీద మీరు రాసిన వ్యాసం చదివాను, బాగుంది. వివియన్ మేయర్ అనే ఫొటోగ్రాఫర్ గురించి కూడా ఓ ముక్క రాయాల్సింది. షికాగోలో పిల్లల ఆయాగా పనిచేస్తూ రోలీఫ్లెక్స్ కెమెరాతో వీధులన్నీ తిరిగి లక్షకు పైగా ఫొటోలు తీశారావిడ. గోదాము అద్దె బాకీ పడితే 2007లో అందులో దాచిన ఆ ఫొటోల పెట్టెలు వేలానికి పోయాయి. వందల ఫిల్ము రీళ్లు అసలు కడిగించనే లేదట! 2009లో ఆవిడ పోయారు. ఏ ఫొటో ఎందుకు తీశారో ఇక ఎవర్ని అడుగుతాం?

అందుకే నా ఫోన్లో ఉన్న నాన్నగారి హవాయి చెప్పు ఫొటో కింద కథ రాసిపెట్టుకున్నా. ఊడిపోతున్న పట్టీకి అడుగున పిన్నీసు గుచ్చి, దాంతోనే నా పెళ్లిచూపులకి వచ్చేశారు. అమ్మ తిట్లు మాత్రం ఫొటోలో పడలేదు.