చెప్పుల నంబరు కాదు, పాదం గీసి పంపండి

బ్యాంకాక్ వెళ్తున్నామని ఫ్యామిలీ గ్రూపులో చెప్పామో లేదో, నంబర్లు రావడం మొదలైంది. పెద్దత్తకి 6, బావకి 9, బరంపురం పిన్ని కూతురికి 38. "అక్కడ హోల్‌సేల్‌లో చవకంట కదా" అని అందరిదీ ఒకటే మాట. అప్పట్లో మా పర్లాకిమిడి నుంచి విశాఖ వెళ్ళి విమానం ఎక్కితే నేరుగా బ్యాంకాక్‌లో దిగేవాళ్ళం, వీసా గొడవ కూడా ఉండేది కాదు. అందుకే మా వైపు ఎవరు వెళ్ళినా చెప్పుల లిస్టు వెంట వచ్చేది. నాన్న మాత్రం ఏమీ అడగలేదు. నేనే అడిగాను. పాత శాండిల్ తిప్పి చూసి "8 అని ఉందమ్మా" అన్నారు.

ఆ 8 వల్ల ఏం జరిగిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. దయచేసి చివరిదాకా చదవండి, ముఖ్యంగా ఇంట్లో షుగర్ ఉన్నవాళ్ళుంటే.

బ్యాంకాక్‌లోని ప్రతునామ్ అనే హోల్‌సేల్ బజారు వైపు చెప్పుల దుకాణాలు మనిషి పక్కకి తిరిగి నడవాల్సినంత ఇరుకు. బయట ఒక్కో మోడల్‌కి ఒక్క కాలిదే పెడతారు. మనకి కావలసిన జత లోపలి నుంచి ప్లాస్టిక్ కవర్లో వస్తుంది. ఒక జత అయితే 350 బాత్, మూడు తీసుకుంటే ఒక్కోటి 280 అని ఆ అమ్మాయి కాలిక్యులేటర్ మీద నొక్కి చూపించింది. అప్పట్లో బాత్ మన డబ్బుల్లో రెండున్నర రూపాయలు. వాకింగ్ షూ ఏడు వందలకి! చేతులు ఆగుతాయా? చైనాటౌన్‌లోని సాంపెంగ్ సందులో ఇంకా హడావుడి. తోపుడు బళ్ళ మీద మూటలు వెళ్తుంటే గోడకి అతుక్కుని నిలబడాలి. అక్కడ కొన్ని కొట్లు డజన్ల లెక్కన తప్ప మాట్లాడవు.

గోడ మీద సైజుల పట్టిక ఉంది. 8 అంటే 42. కవరు విప్పి షూలో నాలుగు వేళ్ళు దూర్చి చూశాను. మెత్తగా ఉంది, బరువు లేదు. నాన్న వేసుకుని గజపతుల కోట దాకా నడుస్తున్నట్టు కళ్ళ ముందు కనిపించింది. ముచ్చటపడి కొన్నాను.

నాన్నకి పన్నెండేళ్ళుగా షుగర్. పాదాల్లో స్పర్శ తగ్గిందని తెలుసు, కానీ ఆ మాట బరువు ఎంతో నాకు అప్పటిదాకా తెలియదు. కూతురు విదేశం నుంచి తెచ్చిందని ఆయన రోజూ ఆ షూతోనే నడిచారు. ఐదో రోజు మేజోడు తీస్తుంటే అమ్మ చూసింది, చిటికెన వేలు దగ్గర రూపాయి బిళ్ళంత మరక. లోపల చర్మం ఒలిచినట్టు ఉంది. "నొప్పి లేదు కదమ్మా, ఇదెప్పుడైందో" అని నాన్న ఆశ్చర్యంగా అడుగుతున్నారు. నొప్పి లేకపోవడమే అసలు ప్రమాదమని బరంపురంలో డాక్టరు గారు చెప్పారు. స్పర్శ ఉన్న మనిషి షూ కరిస్తే పది అడుగుల్లో తీసి పారేస్తాడు. స్పర్శ లేని కాలికి అది రాపాడుతూనే ఉంటుంది. పుండు మానడానికి ఏడు వారాలు పట్టింది. వేలు దక్కింది. ఆ ఏడు వారాలూ మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

శాండిల్‌కి 8 సరిపోయింది కదా, షూకి ఎందుకు సరిపోలేదు? నేను చాలా రోజులు దీని వెంటే పడ్డాను. శాండిల్‌కి పక్కలు తెరిచి ఉంటాయి. నాన్నది వెడల్పు పాదం, అది పట్టీల పక్క నుంచి బయటికి వచ్చి హాయిగా ఉండేది. నంబరు చెప్పేది పొడవు మాత్రమే. వెడల్పు సంగతి అందులో లేదు, చవక షూలు ఒకే వెడల్పులో వస్తాయి. పోనీ పొడవైనా కచ్చితమా అంటే అదీ కాదు. మన దగ్గర వాడే బ్రిటిష్ లెక్కలో ఒక సైజుకీ మరో సైజుకీ తేడా అంగుళంలో మూడో వంతు, అంటే సుమారు 8.5 మిల్లీమీటర్లు. యూరప్ లెక్కలో ఆ తేడా 6.7 మిల్లీమీటర్లే. రెండు వేరు వేరు మెట్లని పక్కపక్కన పెట్టి 8 అంటే 42 అని గోడకి అంటిస్తే అది ఉజ్జాయింపే. ఒక పట్టికలో 42 అని, ఇంకో పట్టికలో మరో నంబరు ఉండేది అందుకే.

ఇంకో సంగతి. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబర్ నుంచి 2022 మార్చి దాకా దేశమంతటా లక్ష మందికి పైగా పాదాలు కొలిచింది. మన పాదాలు యూరప్, అమెరికా వాళ్ళ కన్నా వెడల్పని తేలింది. అందుకే మనకంటూ "భ" అనే సొంత సైజుల పద్ధతిని ప్రతిపాదించారు. మనలో చాలామంది బిగుతు షూలోనే బతికేస్తున్నారు. "వాడగా వాడగా సాగుతుందిలే" అని సర్దిచెప్పుకోవడం మనకి అలవాటైపోయింది.

సాగదు. ఆ షూని పారేయడానికి మనసొప్పక, చెక్క అచ్చు పెట్టి కాస్త వదులు చేస్తారేమోనని బజారులో చెప్పులు కుట్టే తాత దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన బొటనవేలితో పక్కన నొక్కి, వాసన చూసి తిరిగి ఇచ్చేశాడు. "ఇది తోలు కాదమ్మా, రెక్సిన్. తోలైతే సాగుతుంది. ఇది చిరుగుతుంది గానీ సాగదు" అన్నాడు. నాన్న కాలు కూడా చూపించి ఉంటే ఆ తాత మొదటి రోజే చెప్పేసేవాడు.

ఆ దుకాణం మీద నాకేం కోపం లేదు. హోల్‌సేల్ బజారు ఉన్నది వ్యాపారుల కోసం. వాళ్ళు మధ్య సైజులు ఎక్కువగా, చివరి సైజులు తక్కువగా కలిపి పెట్టెల లెక్కన కొంటారు. ఊరికి తెచ్చి షాపులో పెడతారు. అక్కడ మనం స్టూలు మీద కూర్చుని, వేసుకుని, నాలుగడుగులు నడిచి, బిగుతుగా ఉంటే ఇంకోటి తెమ్మంటాం. షూకీ కాలికీ పొత్తు కుదిరేది ఆ స్టూలు మీద. మనం నేరుగా హోల్‌సేల్‌కి వెళ్ళి వదిలేసేది సరిగ్గా ఆ స్టూలునే. కొనేది మనమే, వేసుకునేది ఎక్కడో ఇంట్లో ఉన్న నాన్న. వాపసు ఇవ్వాలంటే సముద్రం దాటాలి. చవకగా కొని మిగుల్చుకున్న నాలుగు వందలు నాకు ఎంత ఖరీదు పడ్డాయో చెప్పాను కదా.

అసలు తేవొద్దని నేను అనను. స్పర్శ తగ్గిన కాళ్ళకి మాత్రం ఎంత చవకైనా తేకండి, ఆ మనిషిని డాక్టరు దగ్గరికీ షాపుకీ వెంటబెట్టుకుని వెళ్ళండి. మిగతావాళ్ళకి తేవాలంటే సాయంత్రం పూట, అంటే పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, కాగితం మీద నిలబెట్టండి. కూర్చోబెట్టి కాదు, బరువు పడాలి. పెన్సిల్ నిటారుగా పట్టుకుని రెండు కాళ్ళ చుట్టూ గీయండి. రెండూ ఒకేలా ఉండవు, పెద్ద కాలే లెక్క. పొడవు, వేళ్ళ దగ్గర వెడల్పు మిల్లీమీటర్లలో రాసుకోండి. ఆ గీతని కత్తిరించి షూలో పెట్టి చూస్తే అంచులు ముడుచుకుంటున్నాయో లేదో అక్కడికక్కడే తెలిసిపోతుంది.

నాన్న పాదాలు అలాగే గీసి కత్తిరించాను. ఎడమది 264, కుడిది 259. వెడల్పు ఎడమకాలికి 108. ఆ కాగితం ముక్కలు రెండూ ఇప్పుడు నా పాస్‌పోర్ట్ కవర్లో ఉన్నాయి.

వచ్చే నెల మా తమ్ముడు బ్యాంకాక్ వెళ్తున్నాడు. నిన్న రాత్రి గ్రూపులో బావ అప్పుడే "నాకు 9" అని పెట్టేశాడు. దాని కింద ఈ కాగితం ముక్కల ఫోటో పెట్టి, "బావా, నువ్వు కూడా కాగితం మీద నిలబడు" అని రాశాను.