బీపీ పట్టీతో గుండెకు కవచం: ఆశ ఎక్కడ ఆగింది?

బైపాస్ సర్జరీలో చాలాసార్లు గుండెను కావాలనే ఆపుతారు. బృహద్ధమనికి క్లాంప్ వేసి, పొటాషియం ఎక్కువగా ఉన్న ద్రావణం ఎక్కిస్తారు. అంతసేపూ ఒంటికి రక్తం అందించేది హార్ట్-లంగ్ మెషీన్. పని అయ్యాక క్లాంప్ తీస్తే రక్తం మళ్లీ గుండెకు చేరుతుంది. చిక్కంతా ఇక్కడే. రక్తం అందనందుకే కాదు, తిరిగి అందిన తొలి నిమిషాల్లోనూ గుండె కండరం దెబ్బతింటుంది. కణాల్లోకి కాల్షియం ఒక్కసారిగా ముంచుకొస్తుంది, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా పాడవుతాయి.

దీనికి విరుగుడు దొరికిందని 1986లో అనిపించింది. అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో మర్రీ, జెన్నింగ్స్, రైమర్ కుక్కల గుండె ధమనిని 5 నిమిషాల చొప్పున నాలుగుసార్లు మూసి తెరిచారు. ఆ తర్వాత 40 నిమిషాలు మూసి ఉంచినా, చనిపోయిన కండరం మామూలుగా అయ్యేదాంట్లో సుమారు నాలుగో వంతే. చిన్న దెబ్బలు ముందే తిన్న గుండె పెద్ద దెబ్బను తట్టుకుందన్నమాట. తర్వాత ఇంకా వింతైన సంగతి బయటపడింది: గుండెను ముట్టుకోనక్కర్లేదు, చేతికో కాలికో కాసేపు రక్తం ఆపినా చాలు.

లండన్‌లో డెరెక్ యెలన్, డెరెక్ హౌసెన్‌లాయ్ బృందం 2007లో దీన్ని బైపాస్ పేషెంట్ల మీద పరీక్షించింది. బీపీ పట్టీని చేతికి కట్టి 5 నిమిషాలు బిగించడం, 5 నిమిషాలు వదలడం, ఇలా మూడుసార్లు. గుండె కండరం దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి వచ్చే ప్రోటీన్ ట్రోపోనిన్-టి విడుదల 43 శాతం తగ్గింది. ఖర్చు దాదాపు లేదు, మందు లేదు. ఎవరికైనా ఆశ పుడుతుంది.

కానీ అక్కడున్నది 57 మంది. పైగా ట్రోపోనిన్ రక్తంలో కనిపించే ఒక సూచిక మాత్రమే. మనిషి బతికాడా, మళ్లీ ఆస్పత్రి పాలయ్యాడా అన్నది వేరే లెక్క. ఆ లెక్క తేల్చడానికి వాళ్లే 1,612 మందితో ఎరికా ట్రయల్ నడిపారు. 2015లో ఫలితం వచ్చింది. మరణం, గుండెపోటు, పక్షవాతం, మళ్లీ బ్లాకులు తెరిపించాల్సి రావడం వంటివి కలిపి చూస్తే, ఏడాదిలో పట్టీ బిగించినవారిలో 26.5 శాతం, బిగించనివారిలో 27.7 శాతం. తేడా లేనట్టే. అప్పుడే వచ్చిన జర్మనీ ట్రయల్‌దీ అదే మాట. గుండెపోటుతో వచ్చి స్టెంట్ వేయించుకున్న 5 వేల మందికి పైగా పేషెంట్లలోనూ 2019లో ప్రయోజనం కనిపించలేదు.

మరి కుక్కల్లో పనిచేసింది మనుషుల్లో ఎందుకు చెయ్యలేదు? ప్రోపోఫాల్ మత్తుమందు ఈ రక్షణను అడ్డుకుంటోందన్న అనుమానం ఉంది. నాకు మాత్రం అసలు తేడా పేషెంట్లలోనే కనిపిస్తోంది. ల్యాబ్ జంతువులు ఎక్కువగా పడుచువి, జబ్బు లేనివి. ఆపరేషన్ బల్ల మీదికొచ్చే మనిషికి అరవై దాటి ఉంటాయి, షుగర్, బీపీ, రోజూ మింగే నాలుగైదు రకాల మాత్రలు. వాటిలో కొన్ని ఇప్పటికే గుండెను ఎంతో కొంత కాపాడుతూ ఉండొచ్చు. షుగర్ ఉన్న ముసలి జంతువుల్లో, అవే మందులు ఇచ్చి చూడకుండా నేరుగా ఆస్పత్రికి తెచ్చే ఏ కొత్త పద్ధతికైనా ఇదే గతి పట్టొచ్చు.

తమ ఆలోచనను తామే అంత పెద్ద పరీక్షకు పెట్టి, ఫలించలేదని తామే అచ్చు వేయించిన ఆ ఇద్దరినీ నేను 2007 కంటే 2015కే ఎక్కువ మెచ్చుకుంటాను.