పప్పు ప్యాకెట్ మీద ఆకు గుర్తు: ఎక్కువ ఎందుకివ్వాలి?

సూపర్ మార్కెట్లో మామూలు పప్పు కంటే ధర ఎక్కువున్న 'నేచురల్' కందిపప్పు ప్యాకెట్ ఒకటి తీసి వెనక్కి తిప్పండి. ముందువైపంతా పచ్చని పొలం బొమ్మే. సేంద్రియ ఆహారానికి ప్రభుత్వం ఇచ్చే జైవిక్ భారత్ ఆకు గుర్తు, ఉంటే గింటే, వెనకాల లైసెన్సు నంబర్ల పక్కన చిటికెన వేలి గోరంత కనిపిస్తుంది. మొన్న నా పక్కన నిలబడ్డ ఒకావిడ అలాంటి ప్యాకెట్టే తిప్పి తిప్పి చూసి, "ఇది నిజమైనదేనంటారా?" అని అడిగారు. నేను చెప్పలేకపోయాను. ఆవిడ మామూలు పప్పే బుట్టలో వేసుకున్నారు.

మన జనం పర్యావరణం కోసం రూపాయి ఎక్కువ పెట్టరని తేల్చేయడం తప్పు. ఏసీ కొనేటప్పుడు ఫైవ్ స్టార్ కోసం వేలు అదనంగా పెట్టేది ఈ జనమే కదా! 2006లో మొదలైన ఆ స్టార్ లేబుల్ ఏడాదికి ఎన్ని యూనిట్ల కరెంటు కాలుతుందో అంకెల్లో చెబుతుంది, ఆ మాట నిజమో కాదో ఇంటికొచ్చే కరెంటు బిల్లు తేల్చేస్తుంది. పర్యావరణానికి హాని తక్కువ చేసే వస్తువులకు ప్రభుత్వం ఇచ్చే గుర్తుగా 1991లో వచ్చిన ఎకోమార్క్‌కు అలాంటి రుజువేదీ లేదు. దానికి మట్టికుండ బొమ్మ పెట్టారని ఎంతమందికి తెలుసు?

స్టార్ లేబుల్లో సొంత లాభం ఉంది కాబట్టే కొంటున్నారని కొందరంటారు. కొంత నిజమే. కానీ ఆదివారం సంతలో ప్రకృతి సేద్యం చేసే రైతమ్మ దగ్గర కిలోకు పది రూపాయలు ఎక్కువిచ్చి టమాటాలు కొనేవాళ్లను నేను చూశాను. అక్కడ ఏ లేబులూ లేదు. "ఏం మందు కొట్టావమ్మా?" అంటే వేపతో చేసే నీమాస్త్రం ఎలా కలిపిందో చెబుతుంది. పురుగు తొలిచిన కాయను దాచకుండా పక్కన పెడుతుంది. వచ్చే ఆదివారం మళ్లీ అదే చోట కూర్చుంటుంది.

నన్ను తొలిచే ప్రశ్న వేరే ఉంది. మనమిచ్చే ఆ అదనపు డబ్బులో రైతుకు చేరేదెంత? రసాయనాలు మానేసినా సేంద్రియ సర్టిఫికెట్ చేతికి రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. ఈలోగా దిగుబడి తగ్గినా, పంటను సేంద్రియమని చెప్పి అమ్ముకోవడానికి లేదు. తనిఖీ ఫీజులు భరించలేని చిన్న రైతుల కోసం పీజీఎస్ అనే, రైతులే ఒకరికొకరు హామీ ఉండే సర్టిఫికెట్ పద్ధతి ఉంది. అందులో కనీసం ఐదుగురు కలిసి ఒకరి పొలం ఒకరు చూసుకుంటారు. మంచి పద్ధతి. ఆంధ్రప్రదేశ్ ప్రకృతి సేద్యానికి 2024లో పోర్చుగల్ సంస్థ ఇచ్చే గుల్బెంకియన్ అంతర్జాతీయ బహుమతి కూడా వచ్చింది. అయినా ఆ ధాన్యం కళ్లం దాటి మామూలు ధాన్యంలో కలిసిపోతే ఆ రైతుకు దక్కేదేమిటి?

పచ్చదనం పేరుతో చేసే ప్రచారానికి ఆధారం చూపాలని 2024 అక్టోబరులో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. అక్కడితో ఆగకూడదు. ఏ ఊరి పంట, ఎవరు తనిఖీ చేశారు, ఈ ధరలో రైతుకు ఎన్ని రూపాయలు ముట్టాయి అన్నది ప్యాకెట్ ముందువైపే, ఎంఆర్‌పీ పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో అచ్చు వేయాలని చట్టం చేయాలి.